కారుకు తగిన యజమాని

నా కారు ఏ కంపెనీదో చెప్పను. చెబితే వారంటీ పోతుంది. పోతే ఏం నష్టమని మీరడగవచ్చు. వారంటీ వల్ల నాకు ఫలానా లాభం కలిగిందని చెప్పడానికి ఇంతవరకు ఒక్క ఉదాహరణా లేదు గాని, పోతుందంటే మాత్రం భయంగానే ఉంటుంది. పెద్దవాళ్ళతో స్నేహం అంటే ఇంతే.

రాజమండ్రి దేవీచౌక్ దగ్గర నాకు టైల్సు, బాత్రూము సామాన్ల కొట్టుంది. నా పేరు వీర్రాజు. మోపెడ్ వెనక కమోడు కట్టుకుని ఇళ్ళకు చేరవేసిన రోజుల నుంచి గూడ్సు వ్యాను దాకా అంచెలంచెలుగా ఎదిగాను. ఆ తరవాతి అంచె మామూలు కారు. సరిగ్గా అప్పుడే మా తోడల్లుడు ఆ మామూలు కారు కొన్నాడు. నేనూ అదే కొంటే ఇద్దరం సమానమైపోతాం. అందుకని ఆ అంచె మీద కాలు పెట్టకుండా ఒక్క గెంతు గెంతి విలాసవంతమైన స్పోర్ట్స్ సెడాన్ దగ్గర పడ్డాను. పడ్డాను అనే మాట తెలిసే వాడుతున్నాను.

అది నిలబడిన చోటు నుంచి నాలుగు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందట. అందుకుంటుందనే నా నమ్మకం. దేవీచౌక్ నుంచి మోరంపూడి దాకా ఆ నాలుగు సెకన్లు ఖాళీగా ఎక్కడ దొరుకుతాయో మాత్రం కంపెనీవాళ్ళు చెప్పలేదు.

నిజానికి కారు కావలసింది నాకు కాదు, మా అక్క నూకరత్నానికి. గోకవరం బస్టాండు దగ్గర పెసరట్లు వేసి ఆవిడ నన్ను పెంచింది. నా కొట్టులోకి మొదటి సరుకు ఆ పెనం మీది నుంచే వచ్చింది. ఒకసారి మోపెడ్ మీద కమోడుతో సహా పడి నేను మోచెయ్యి విరగ్గొట్టుకుంటే, ఆసుపత్రి వరండాలో నిలబడి అన్నవరం సత్యదేవుడికి మొక్కుకుంది. "సామీ, మా తమ్ముడు కారు కొనేలా చూడు. ఆ కార్లో నీ కొండ మీదికొచ్చి వ్రతం చేయిస్తాను. అందాకా నీ ప్రసాదం నోట్లో పెట్టను" అంది.

గోదావరి జిల్లాలో పుట్టి అన్నవరం ప్రసాదం తినకుండా బతకడం చిన్న శిక్ష కాదు. ఊళ్ళో ఎవరు అన్నవరం వెళ్ళొచ్చినా ఒక విస్తరాకు పొట్లం మా ఇంటికి వస్తుంది. ప్రసాదం వద్దనకూడదు కనుక అక్క పొట్లం తీసుకుని కళ్ళకద్దుకుని, నెయ్యి అంటిన ఆ ఆకును ఒకసారి వాసన చూసి పక్కవాళ్ళ చేతిలో పెట్టేసేది. ఇన్నేళ్ళూ వాసనతోనే సరిపెట్టుకుంది. నేను కారు కొన్నది ముందు తోడల్లుడి కోసమే కావచ్చు. కాని ఆ ఆకు వాసన చూసేటప్పుడు అక్క మొహం తలుచుకుంటే నాకు మరో కారణం అక్కర్లేకపోయింది.

కారు అప్పగించే కార్యక్రమం విశాఖపట్నంలో జరిగింది. పట్టు తెర తీశారు. సన్నాయి మోగింది. కారును నాకు కాదు, నన్ను కారుకు పరిచయం చేశారు. చేసినాయన పేరు నిశాంత్. ఎండాకాలంలోనూ నల్లకోటు విప్పడు. హోదా 'యజమాని అనుభవ విభాగం' మేనేజరు.

"సార్, మీరు కారు కొనలేదు. ఒక లెగసీకి కస్టోడియన్ అయ్యారు" అన్నాడు.

"డబ్బు కట్టాను కదండీ" అన్నాను.

"అది మీ కాంట్రిబ్యూషన్ సార్."

పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మర్నాడు దేవీచౌక్ అమ్మవారి గుడి ముందు పూజ చేయించాం. పూజారిగారు కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ తిప్పి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, "పోనివ్వండి" అన్నారు. నేను పోనిచ్చాను. కారు పోలేదు. లోపలి నుంచి విమానాశ్రయంలో ప్రకటనలు చేసే గొంతు ఒకటి, "గుర్తుతెలియని వస్తువు గుర్తించబడింది. వాహనం కదలదు" అంది.

పూజారిగారు చేతిలో హారతి పళ్ళెంతో అలాగే నిలబడిపోయారు. "ట్రాక్టర్లకు చేశాను, అంబులెన్సుకు చేశాను. నిమ్మకాయను చూసి జడిసిన బండిని ఇదే చూట్టమండి" అన్నారు.

మా ఆవిడ లోవలక్ష్మి నిమ్మకాయ తొక్కందే కారు ఇంటికి రావడానికి వీల్లేదంది. కారు నిమ్మకాయ ఉండగా రానంది. రెండు ఆడగొంతుల మధ్య నేనేం చెయ్యగలను. చివరికి అక్కే నిమ్మకాయలు కోసి, నాలుగు టైర్ల మీదా పిండి, "తొక్కితేనేం, తోమితేనేం, రసం అంటింది కదా" అని తీర్పు చెప్పింది. దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ సరిగ్గా కారు ముందున్న కెమెరా కంటికి అడ్డంగా వేలాడటంతో, అది దేవీచౌక్ అంతా ఒక మిరపతోట అనుకుని మళ్ళీ ఆగింది. దాన్నీ విప్పాం.

విశాఖపట్నం ఫోన్ చేసి ఫిర్యాదు చేద్దామనుకున్నాను.

"సార్, మా దగ్గర కంప్లైంట్ అనే పదం లేదు. అబ్జర్వేషన్ అంటాం" అన్నాడు నిశాంత్. "నిమ్మకాయలు ఎవరు పెట్టారు సార్?"

"పూజారిగారండి."

"పూజారిగారు మా ఆథరైజ్డ్ పర్సన్ కాదు కదా సార్. కారు చేసింది కరెక్ట్."

అది నిజమే కదా అని నాకూ అనిపించింది. అదీ ఆ కంపెనీ గొప్ప. వాళ్ళతో మాట్లాడుతున్నంతసేపూ వాళ్ళదే న్యాయంగా ఉంటుంది.

మంచి రోజు చూసుకుని అన్నవరం బయలుదేరాం. ముందు అక్కను కార్లో కూర్చోబెట్టాలి. ఆవిడ మోకాళ్ళు పెనం ముందు నిలబడీ నిలబడీ అరిగిపోయాయి. కారేమో నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. తలుపు తీసి లోపలికి తొంగి చూసి, "ఒరేయ్ తమ్ముడూ, నూతిలోకి దిగినట్టుందిరా. తాడు కట్టి దింపుతావా?" అంది. తాడు లేకుండానే నేనొక చెయ్యి, లోవలక్ష్మి ఒక చెయ్యి పట్టుకుని దింపాం.

కోటగుమ్మం దాటగానే మొదటి స్పీడు బ్రేకరు వచ్చింది. కారు పొట్ట దాని మీద బరబరా రాసుకుంది. ఫోన్ చేశాను. "స్పీడ్ బ్రేకర్ మా ప్రొడక్ట్ కాదు సార్" అని నిశాంత్ ముందే స్పష్టం చేసి, ఉపాయం మాత్రం చెప్పాడు. బరువు తగ్గితే కారు కాస్త పైకి లేస్తుంది కనుక, స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ప్రయాణికులు దిగి, దాటాక ఎక్కాలి. అక్క విషయంలో దిగడమంటే నూతిలోంచి తోడటం, ఎక్కడమంటే మళ్ళీ నూతిలో వెయ్యడం. మోరంపూడి చేరేసరికి మా ముగ్గురికీ ఆయాసం వచ్చింది.

హైవే ఎక్కాక హాయిగా ఉంటుందనుకున్నాను. గుంతలు తప్పిస్తూ అటూ ఇటూ తిప్పుతుంటే తెర మీద కాఫీ కప్పు బొమ్మ వచ్చింది. "యజమాని అలసిపోయారు. విశ్రాంతి తీసుకోండి" అంది గొంతు. అలసిపోలేదని చెప్పడానికి మీట లేదు. ఆగి కాఫీ తాగాను. కిలోమీటరు పోయేలోగా ఇంకో గుంత, ఇంకో కప్పు. రాజానగరం చేరేలోపు దారిలో ఉన్న ప్రతి పాకలోనూ కాఫీ తాగి, నిజంగానే చేతులు వణకడం మొదలైంది. అప్పుడు కారు, "చేతులు వణుకుతున్నాయి. ప్రయాణం సిఫార్సు చేయబడదు" అని పక్కకు తీసి ఆగిపోయింది.

ముహూర్తం దాటిపోయింది. అక్క ఒళ్ళో పెట్టుకున్న పూజసామాను సంచీ మూతి మళ్ళీ ముడి వేసుకుంది. ఆ ముడి వెయ్యడం నేను చూడకపోయినా బాగుండేది.

నిశాంత్ విశాఖపట్నం రమ్మన్నాడు. కారుకు సర్వీసింగేమో అనుకుని వెళ్ళాను. కారును లోపలికి తీసుకెళ్ళి వైర్లు తగిలించి, అరగంటలో బయటికి తెచ్చారు.

"కార్లో ఫాల్ట్ జీరో సార్" అన్నాడు. "ఒక సిస్టమ్‌లో రెండే పార్టులున్నాయి. కారు, ఓనర్. కారు ఓకే. ఇక ప్రాబ్లం ఎక్కడుంటుందో మీరే చెప్పండి."

"నా దగ్గరేనండి" అన్నాను. లెక్క ప్రకారం ఇంకో జవాబు లేదు.

"వెరీ గుడ్ సార్. చాలామంది ఓనర్లు ఈ స్టేజికి రావడానికి ఏడాది పడుతుంది. మీకు ఓనర్ సర్వీసింగ్ షెడ్యూల్ చేస్తున్నాం."

"మా కొట్లో కొన్న కుళాయి కారితే నేను వాషరు మారుస్తానండి. కొన్నవాణ్ణి పిలిచి చేతులు కడుక్కోవడం నేర్పను" అన్నాను కొంచెం కోపంగానే.

నిశాంత్ జాలిగా నవ్వాడు. "దట్ ఈజ్ టైల్స్ మైండ్‌సెట్ సార్. దాన్నే మనం మార్చబోతున్నాం."

యజమానుల సర్వీసింగ్ పై అంతస్తులో. గది చలికి వణికించేలా ఉంది. గోడ మీద కారు నిలువెత్తు బొమ్మ, దాని కింద ఖాళీ పూలకుండీ. నా పక్క కుర్చీలో కాకినాడ పళ్ళ డాక్టరు జగన్నాథరావుగారు కూర్చున్నారు. ఆయనకిది రెండో సర్వీసింగు. వాళ్ళ కారు తలుపు పిడులు లోపలికి ముడుచుకుని ఉంటాయి, దగ్గరికి వెళితే బయటికి రావాలి. వాన పడితే రావు. మొన్న తుపానులో ఆయన కారు పక్కనే గొడుగు లేకుండా నిలబడ్డారట.

"ఇప్పుడు నాకు అర్థమైందండి" అన్నారాయన ప్రశాంతంగా. "నేను తలుపు కోసం తడుస్తూ నిలబడలేదు. తలుపు నా కోసం సిద్ధమవుతోంది. ఈ తేడా తెలిశాక జలుబు కూడా తగ్గిపోయింది." అని తుమ్మారు.

పాఠం చెప్పినావిడ మంచిది. నిశాంత్ కంటే ఓపిక ఎక్కువ. కారు మాట్లాడేటప్పుడు అడ్డు రాకూడదనీ, తెర మీద ఎర్ర దీపం వెలిగితే దాన్ని లోపమనుకోకుండా సంభాషణ అనుకోవాలనీ చెప్పింది. చివర్లో ప్రాక్టికల్స్. ఎవరి కారు ముందు వాళ్ళు నిలబడి, ఇంతవరకు దాన్ని అపార్థం చేసుకున్నందుకు నోటితో క్షమాపణ చెప్పాలి. డాక్టరుగారు ఇంగ్లీషులో చెప్పేశారు. ఆయన కారు దీపాలు ఆర్పి వెలిగించి ఆమోదించింది. నేను చేతులు కట్టుకుని, "తప్పైపోయిందండి. ఇంకెప్పుడూ ఇలా జరగదండి, ఆయ్" అన్నాను.

"'ఆయ్' అనే ప్రదేశం కనుగొనబడలేదు" అంది కారు.

నా క్షమాపణ తిరస్కరించినట్టు నమోదైంది. ఆ నమోదుతోనే నా అసలు కష్టాలు మొదలయ్యాయి. ఎందుకంటే సర్వీసింగ్ పూర్తయిన ప్రతి యజమానికీ స్కోరు ఉంటుంది. అది నా ఫోనులో కనిపిస్తుంది, కారుకూ తెలుస్తుంది. స్కోరు తగ్గితే కారు తన మర్యాద తాను కాపాడుకుంటుంది.

ముందు ఏసీ తగ్గించింది. సుఖం అనేది సంపాదించుకోవలసిన వస్తువట. తరవాత హారన్ తీసేసింది. "హారన్ అంటే ఒక ఎమోషన్ సార్. మీరు కంట్రోల్ తప్పుతున్నారు" అన్నాడు నిశాంత్. రాజమండ్రి మెయిన్ రోడ్డులో హారన్ లేకుండా నడపడమంటే పెళ్ళింట్లో నోరు లేకుండా తిరగడమే. ఆటోవాళ్ళు, తోపుడు బళ్ళవాళ్ళు, ఆవులు, ఎవరికీ నేనున్నట్టే తెలియడం లేదు. కిటికీ దించి, "బాబూ, కాస్త జరుగుతారా" అని ఒక్కొక్కరినీ వేడుకుంటూ కొట్టుకు చేరుకునేవాణ్ణి. అలా దించినప్పుడల్లా, కారు తన లోపలి వాతావరణం పాడైందని నా స్కోరులో కొంత కోసుకునేది.

ఒకరోజు కొట్టు తెరిచే వేళకు సరిగ్గా గుమ్మానికి అడ్డంగా ఆగి, "నన్ను నేను మెరుగుపరుచుకుంటున్నాను. దయచేసి కదిలించవద్దు" అని నిద్రపోయింది. భోజనాల వేళ దాకా నా సరుకు లోపల, నా ఖాతాదార్లు బయట. సింకు కోసం వచ్చిన ఒకాయన దాని చుట్టూ తిరిగి చూసి, "వీర్రాజు గారూ, ఇంత కారు కొన్నారు, దీన్ని జరపడానికి మామూలు కారు ఒకటి కొనకూడదా" అన్నాడు. ఆయన పక్క నుంచే మా తోడల్లుడు తన మామూలు కార్లో హారన్ కొట్టుకుంటూ వెళ్ళాడు. అంత ఇంపైన చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

ఇంతలో కంపెనీ నుంచి కబురు వచ్చింది. నా స్కోరు ఇంకొంచెం పడితే 'సంరక్షణ బదిలీ' జరుగుతుంది. అంటే నా కారును నా దగ్గర నుంచి తీసి, అర్హుడైన యజమానికి అప్పగిస్తారు. నా కాంట్రిబ్యూషన్ మాత్రం లెగసీలో కలిసిపోతుంది.

"మీరు దీన్ని నెగెటివ్‌గా తీసుకోకండి సార్" అన్నాడు నిశాంత్. "కారు హ్యాపీగా ఉండటం మనిద్దరికీ ముఖ్యం కదా."

పోతే పోనీ అనుకునేవాణ్ణే. పీడ విరగడవుతుంది. కాని అక్క మొక్కుకున్నది తమ్ముడు కొన్న కార్లో వస్తానని. ఇది పోతే ఇంకోటి కొనే తాహతు నాకు లేదు, అంతకాలం ఆగే ఓపిక అక్క మోకాళ్ళకు లేదు. ఎలాగైనా సరే, బదిలీ జరిగేలోపు ఆవిడను కొండ మీదికి చేర్చాలి. ఆ రాత్రే పంచాంగం తీశాను.

ఏకాదశినాడు బయలుదేరాం. పెళ్ళికూతుర్ని పల్లకీలో తీసుకెళ్ళినట్టు నడిపాను. గుంత వస్తే తప్పించలేదు, దండం పెట్టి కారును అందులోకే దింపాను. లోవలక్ష్మి కాఫీ కప్పు బొమ్మ కనిపించకుండా తెర మీద తువ్వాలు కప్పింది. అక్క స్పీడు బ్రేకర్ల దగ్గర దిగనని మొండికేసింది. "గీసుకుంటే గీసుకోనీరా. నా మోకాళ్ళు గీసుకోట్లేదా" అంది. రాజానగరం దాటాం. గండేపల్లి దాటాం. జగ్గంపేట కూడా దాటేసరికి నాకు ధైర్యం వచ్చి, సత్యదేవుడు మా వైపే ఉన్నాడు అనుకున్నాను.

అప్పుడు గేదెలు వచ్చాయి.

మంద మొత్తం నింపాదిగా రోడ్డు దాటుతోంది. హారన్ లేదు. ఆగాను. అన్నీ వెళ్ళాయి, ఒక్కటి మిగిలింది. అది కారు ముక్కును చూసి, నచ్చినట్టుంది, వీపు రాసుకోవడం మొదలుపెట్టింది. "అనధికార స్పర్శ" అంది కారు. గేదెకు తెలుగు రానట్టుంది, కదల్లేదు. నేను కిటికీ దించి, తల బయటపెట్టి, "హేయ్, హేయ్, పో" అని అదిలించాను. నా జీవితంలో నేను గేదెతో మాట్లాడింది అదే మొదలు, అంతకన్నా మర్యాదగా ఎలా మాట్లాడతారో నాకు తెలియదు.

"యజమాని ప్రవర్తన ఉద్రిక్తంగా ఉంది. వాహనం విశ్రాంతి తీసుకుంటుంది" అంది గొంతు. ఇంజను ఆగిపోయింది. గేదె ఇంకాసేపు రాసుకుని వెళ్ళిపోయింది.

ఫోన్ చేస్తే రికవరీ లారీ పంపుతున్నామన్నారు. కారును విశాఖపట్నం తీసుకెళ్ళి బదిలీ గదిలో పెడతారట. నేను రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాను. అక్క కార్లోంచే నన్ను చూసి, "ఏడుస్తున్నావేంట్రా" అంది. లేదన్నాను. కాని ఏడుస్తూనే ఉన్నాను.

లారీ డ్రైవరు పేరు సింహాచలం. విశాఖపట్నం మనిషి. కారును చూసి, "ఏటి బాబూ, కొత్త బండినాగుంది. అప్పుడే పాడైపోనాదేటి?" అన్నాడు.

"పాడవలేదు. విశ్రాంతి తీసుకుంటోంది" అన్నాను. సర్వీసింగ్ బాగానే వంటబట్టింది.

లారీ వెనక పలకను ఏటవాలుగా దించి కారును గొలుసులతో లాగబోతే, కారు ఊరంతా వినిపించేలా సైరన్ మొదలుపెట్టింది. లోపలున్న అక్కను దింపడానికి అప్పుడే మేం ఆవిడను సగం బయటికి తోడాం. భయపడి మళ్ళీ వదిలేస్తే ఆవిడ సీట్లో పడింది. సైరన్ ఆగింది. మళ్ళీ లేపాం. మళ్ళీ మోగింది. నిశాంత్‌కు ఫోన్ చేశాను.

"అది సెపరేషన్ యాంగ్జైటీ ప్రొటెక్షన్ సార్" అన్నాడు గర్వంగా. "కదిలించేటప్పుడు కారు ఒంటరిగా ఫీల్ కాకూడదు. ఫ్యామిలీ మెంబర్ ఒకరు బెల్ట్ పెట్టుకుని కూర్చోవాలి. రూల్ సార్."

కాబట్టి అక్క కూర్చునే ఉంది. కారును ఆవిడతో సహా లారీ పైకి లాగి, చక్రాలకు గొలుసులు బిగించారు. నేనూ లోవలక్ష్మీ సింహాచలం పక్కన ఎక్కాం. బండి కదలబోతుండగా పైనుంచి అక్క కేక వేసింది.

"బాబూ సింహాచలం, ఈ లారీ ఎక్కడికెళ్తంది?"

"ఇశాపట్నం అమ్మగోరూ."

"దారిలో అన్నవరం తగులుద్దా?"

"తగలకేటవుద్ది."

"అయితే కొండ మీదికి పోనీ."

నేను కిందికి దిగి కారు కిటికీ వైపు తలెత్తి చూశాను. "అక్కా, ఇది లారీ అక్కా. మొక్కు కారుది కదా" అన్నాను.

"నేను కూర్చుంది కార్లోనే కదా" అంది అక్క. "కారు దేనిమీద ఉండాలో నేను మొక్కులో చెప్పలేదు."

ఆ క్షణాన నాకు నిశాంత్ గుర్తొచ్చాడు. రూళ్ళు రాయడానికి ఆ కంపెనీ మనిషిని వెతుక్కోవలసిన చోటు గోకవరం బస్టాండు అనిపించింది. సింహాచలం కాసేపు తల గోక్కుని, "నా బండికీ పూజ సేయించి శానా దినాలైపోనాది. ఎల్దాం పదండి" అని గేరు వేశాడు.

కొండ దారి మలుపులు తిరుగుతుంటే నేను అద్దంలో వెనక్కి చూస్తూ కూర్చున్నాను. నా సొంత కారు నా నెత్తిమీద ఉంది. అందులో మా అక్క బెల్టు పెట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని మహారాణిలా కూర్చుంది. ఇన్నాళ్ళూ నూతిలోంచి రోడ్డును చూసిన మనిషి ఇప్పుడు కింద పంపా జలాశయం, పచ్చటి చేలు, అన్నీ చూస్తోంది. మెట్లదారిన ఎక్కుతున్నవాళ్ళు ఆగి చూశారు. ఒక ముసలాయన ఏదో ఊరేగింపనుకుని చెప్పులు విడిచి దండం పెట్టాడు. అక్క కూడా ఆయనకు దండం పెట్టింది. నాకు సిగ్గుగా ఉంది, సంతోషంగానూ ఉంది. సంతోషమే ఎక్కువ.

పైన లారీ ఆగాక పలక దించి అక్కను మెల్లగా తోడాం. బండి కదలనంతసేపు కారుకు అభ్యంతరం లేదు. మధ్యాహ్నపు వ్రతాల్లో మాకు చోటు దొరికింది. నేనూ లోవలక్ష్మీ పీటల మీద కూర్చున్నాం, అక్క పక్కన కూర్చుంది. కథ చెబుతున్నంతసేపూ ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

తరవాత వాహన పూజ. పూజారి ఏ బండికి చెయ్యమంటారని అడిగారు. ఎవరం మాట్లాడకముందే అక్క లారీ వైపు చూపించింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. సింహాచలం లారీని ముందుకు కదిపాడు. కారు దాని వీపు మీద, మళ్ళీ కంగారు పడకుండా లోవలక్ష్మి అందులో. నిమ్మకాయలు పటపటమని పగిలాయి. లారీ ఏమీ అనలేదు. విప్పి దాచిన దిష్టిదండను అక్క సంచీలోంచి తీసి లారీ ముందు కట్టించింది.

ప్రసాదం పొట్లాలు తీసుకుని నీడలో కూర్చున్నాం. అక్క ఆకు విప్పింది. అలవాటు ప్రకారం కళ్ళకద్దుకుని వాసన చూసింది. పక్కకు ఇవ్వబోయి ఆగింది. కొంచెం తీసి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది.

"సార్, కంగ్రాట్స్" అన్నాడు నిశాంత్. అంత సంతోషంగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఈ పూట మీ స్కోరు వందకు వంద. సడన్ బ్రేక్ లేదు, హారన్ లేదు, ఘాట్ రోడ్డులో స్టీరింగ్ ఒక్క ఇంచి కదల్లేదు. మా హెడ్డాఫీసులో అందరూ షాక్. ఇలాంటి డ్రైవింగ్ దేశంలో ఏ ఓనరూ చెయ్యలేదు. ఏం చేశారు సార్?"

"నేనేమీ చెయ్యలేదండి. అది లారీ మీద ఉంది. అసలు దాన్ని ముట్టుకోలేదు."

"అదే కదా సార్, మేం మొదటి రోజు నుంచీ చెబుతున్నది."

బదిలీ రద్దయిందట. పైగా జీవితాంతం ఆ కారు నా దగ్గరే ఉండేలా శాశ్వత కస్టోడియన్ హోదా ఇచ్చేశారట. వచ్చే నెల శాలువా కప్పుతారు. నా పద్ధతిని యజమానులందరికీ నేర్పడానికి కారుతో పాటు లారీ కూడా అమ్మే ఆలోచన ఉందట. జగన్నాథరావుగారు అప్పుడే పేరు ఇచ్చేశారట.

ఫోను పెట్టేసి అక్కకు సంగతంతా చెప్పాను. జీవితాంతం అన్న మాట రెండుసార్లు చెప్పాను. అక్క నిదానంగా నమిలి మింగింది.

"తెలుసురా. ఇలాంటిదేదో జరుగుద్దని లోపల సామి ముందు ఇంకో మొక్కు మొక్కొచ్చాను" అంది. "ఈ కారు ఎవడైనా అర్హుడి పాలు పడితే మళ్ళీ వచ్చి వ్రతం చేయిస్తానన్నాను. ఈసారి బస్సులో."

"మళ్ళీ ప్రసాదం మానేస్తావా అక్కా?"

"ఆ షరతు పెట్టలేదు" అంది అక్క. "ఆ కంపెనీవాళ్ళను చూశాక కూడా ఎలా పెడతాను?" అని నా చేతిలో పొట్లం తీసుకుని విప్పింది.